గాలిగంటకీ వీసాకీ ముడి

మా గుమ్మం ముందు వేలాడుతున్న ఆరు అల్యూమినియం గొట్టాల మీద పోయిన నెలలో ఒక నేరారోపణ జరిగింది. ఎదురింటి కుర్రవాడికి వీసా రాకుండా అవే అడ్డుపడుతున్నాయట.

నవ్వించడానికి రాస్తున్న మాట కాదిది. ఎదురింటి ఇల్లాలు ఎంతో మర్యాదస్తురాలు. పదకొండేళ్ళుగా ఇరుగుపొరుగున ఉంటున్నాం. ఏటా వాళ్ళింట్లో ఆవకాయ కలిపిన రోజున మా ఇంటికి ఒక గిన్నె రాకుండా ఉండదు. ఆవిడ మా గుమ్మంలో నిలబడి, కొంగు వేలికి చుట్టుకుంటూ మొహమాటంగా అన్నారు: "అన్నయ్యగారూ, మీరేమీ అనుకోకపోతే ఒక మాట. ఆ గంటలు వెనకవైపు కట్టుకోకూడదూ? మా గుమ్మానికి సూటిగా ఉన్నాయట. వాస్తు చూసినాయన చెప్పారు. అబ్బాయిని రెండుసార్లు తిప్పి పంపేశారు కదా! పోనీ, మూడో ఇంటర్వ్యూ అయ్యేవరకైనా తీసి లోపల పెట్టండి. ఆ తరవాత మీ ఇష్టం."

నేను "లేదమ్మా" అన్నాను. ఆ మాట ఎందుకన్నానో చెప్పడానికే ఈ టపా. చదివే మీలో కొందరైనా "ఒక్క వారం తీసేస్తే నీ సొమ్మేం పోయింది?" అని అడుగుతారని తెలుసు. మా ఇంటావిడ ఇప్పటికే అడిగింది. అందువల్ల తొందరపడకుండా మొదటినుంచీ చెప్పుకొస్తాను.

అందరూ విండ్ చైమ్ అంటున్న వస్తువును నేను గాలిగంట అంటాను. గాలి మోగించే గంట కాబట్టి గాలిగంట. ఇంతకంటే మంచి మాట మీకు తోస్తే చెప్పండి, దిద్దుకుంటాను.

దీన్ని నేను కొనలేదు, చేశాను. మొదటిసారి చెడగొట్టాను కూడా. పాత సామాన్ల కొట్టులో అంగుళం వ్యాసం, ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం ఉన్న అల్యూమినియం గొట్టాలు తూకానికి దొరికాయి. ఎవరింట్లోనో కర్టెన్లు మోసి మోసి విశ్రాంతి పొందినవి. వాటిని హాక్సా బ్లేడుతో, ఒక్కొక్కటి మూడేసి సెంటీమీటర్లు తగ్గిస్తూ ఆరు ముక్కలు కోశాను. ప్రతిదానికీ పైకొసన బెజ్జం వేసి, దారం గుచ్చి కట్టాను. గాలి వచ్చింది. నా గంట మోగడానికి బదులు దగ్గింది. టక్కుమని ఒక శబ్దం, అంతే. పైగా ఆరు గొట్టాలలో ఏ రెండింటికీ పొత్తు లేదు.

ఎందుకిలా అయిందని పుస్తకాలు తిరగేస్తే, నా అజ్ఞానం రెండు చోట్ల బయటపడింది.

మొదటిది వేలాడదీసే చోటు. గొట్టాన్ని కొట్టినప్పుడు అది నిలువునా ఒక్కలాగే కదలదు. నడుము ఒకవైపుకు వంగితే కొసలు రెండూ ఎదురువైపుకు వంగుతాయి. నడుముకూ కొసలకూ మధ్య, ఇటొకటీ అటొకటీ, దాదాపు కదలిక లేని చోట్లు రెండుంటాయి. కొసనుంచి కొలిస్తే అవి మొత్తం పొడవులో నూటికి 22.4 వంతుల దూరంలో ఉంటాయి. అక్కడ దారం కడితే గొట్టానికి తాను కట్టుబడి ఉన్నట్టే తెలియదు, హాయిగా మోగుతుంది. కొసన కడితే ఆ దారమే కంపనాన్ని మింగేస్తుంది. నేను చేసిన పని, గాయకుడి గొంతు పట్టుకుని పాడమనడం.

రెండోది పొడవు లెక్క. తీగ పొడవును సగం చేస్తే స్వరం ఒక స్థాయి పైకి వెళుతుంది. గొట్టానికి ఆ లెక్క పనికిరాదు. దాని కంపన సంఖ్య పొడవు వర్గానికి విలోమంగా మారుతుంది కాబట్టి, సగం పొడవు గొట్టం రెండు స్థాయిలు పైన మోగుతుంది. సమానంగా మూడేసి సెంటీమీటర్లు తగ్గించుకుంటూ పోతే స్వరక్రమం రాదు. బజారులో దొరికే చవకరకం గంటలు చాలావరకు అలాగే ఉంటాయి. చూడడానికి మెట్ల వరసలా అందంగా కనబడేటట్లు కోస్తారు, చెవి సంగతి ఎవరికీ పట్టదు.

రెండోసారి లెక్క ప్రకారం కోశాను. ఆధార షడ్జానికి 50 సెంటీమీటర్లు. రిషభానికి 47.1, గాంధారానికి 44.7, పంచమానికి 40.8, ధైవతానికి 38.7, పై షడ్జానికి 35.4. సంగీతం తెలిసినవారు ఈపాటికి గుర్తుపట్టి ఉంటారు, ఇది మోహన. 28వ మేళకర్త హరికాంభోజికి జన్యం. మోహనే ఎందుకంటే, గాలికి ఆరోహణ అవరోహణలు తెలియవు. ఏ క్షణాన ఏ రెండు గొట్టాలు కలిసి మోగుతాయో మన చేతిలో లేదు. మోహనలో ఏ రెండు పొరుగు స్వరాల మధ్యనైనా కనీసం పూర్తి స్వరమంత ఎడం ఉంటుంది కనుక ఏది దేనితో కలిసినా గీరుకోదు. గాలి ఎంత అశ్రద్ధగా వాయించినా వినదగినట్టే ఉంటుంది.

బెజ్జాలు కూడా లెక్క ప్రకారమే వేశాను. 50 సెంటీమీటర్ల దానికి పైనుంచి 11.2 దగ్గర, 35.4 దానికి 7.9 దగ్గర. మిగిలినవి మీరే గుణించుకోవచ్చు. దారానికి బదులు చేపలు పట్టే తంగూసు వాడాను. ప్రతి గొట్టాన్నీ కాస్త పొడవుగానే కోసి, ఆకురాయితో కొంచెం కొంచెం అరగదీస్తూ శ్రుతిపెట్టెతో సరిచూసుకున్నాను. అరసెంటీమీటరు తగ్గితే పెద్దగొట్టం స్వరం నూటికి రెండు వంతులు పైకి పోతుంది, చెవికి ఇట్టే తెలిసిపోతుంది. తొందరపడి ఎక్కువ అరగదీస్తే ఆ ముక్క ఇక పనికిరాదు. పొట్టిదైన గొట్టం మళ్ళీ పొడవు కాదు. నడుముకు తగిలేటట్లు ఒక గుండ్రటి చెక్కబిళ్ళ, దాని కింద గాలి పట్టే రెక్కగా పాత సీడీ ఒకటి. ఆ సీడీలో ఒకప్పుడు తెలుగు ఖతులు దాచుకున్నాను, ఇప్పుడు దాని సేవ ఇలా సాగుతోంది.

ఇనుప గొట్టాలు తీసుకున్నా ఇవే కొలతలకు దాదాపు ఇవే స్వరాలు వస్తాయి. బరువు ఎక్కువైనా బిగువు కూడా అదే పాళ్ళలో ఎక్కువ కనుక. కానీ విశాఖపట్నం ఉప్పుగాలికి ఇనుము ఆగదు. ఇక్కడ అల్యూమినియమే మేలు.

ఈ పనికి మూడు ఆదివారాలు పట్టింది. ఆ మూడు వారాలూ గొట్టాలు పట్టుకుని నాకు సాయం చేసినవాడు ఎవరనుకుంటున్నారు? ఎదురింటి కుర్రవాడే. మెకానికల్ ఇంజనీరింగు చదివాడు. దూలాల కంపనం గురించి పరీక్షలో రాసివచ్చినవాడు. 22.4 వంతుల సంగతి నేను పుస్తకంలో చూపిస్తే, "ఇది మాకు సిలబస్‌లో ఉంది మాస్టారూ, ఇలా వినబడుతుందని మాత్రం ఎవరూ చెప్పలేదు" అన్నాడు. మొన్న వాళ్ళమ్మగారు మా గుమ్మంలో నిలబడి ఆ మాట అడుగుతున్నప్పుడు అతడు వాళ్ళ గుమ్మంలో తల వంచుకుని ఫోను చూసుకుంటూ నిలబడ్డాడు. ఒక్క మాట అనలేదు. నాకు బాధ కలిగించింది అదీ. అయినా అతణ్ణి తప్పుపట్టలేను. రెండుసార్లు తిరస్కరణ పొందినవాడికి, తప్పు తనది కాదు, ఎదురింటి గంటది అని చెప్పేవాడు దేవుడిలాగే కనబడతాడు.

ఇప్పుడా వాస్తు చూసినాయన వాదానికి వద్దాం.

బజారులో వాస్తు పేరిట అమ్ముడవుతున్న ఈ గంటలు చైనావారి ఫెంగ్ షుయి వెంట మనకు వచ్చినవి. ఆ మాటకు అర్థమే గాలీ నీరూ. ఇన్ని గొట్టాలుండాలి, ఈ దిక్కున కట్టాలి, గొట్టం బోలుగా ఉండాలి అనే నియమాలన్నీ ఆ సరుకుతోపాటే దిగుమతి అయ్యాయి. ఒకే వస్తువు కొన్నవాడి ఇంట్లో అదృష్టం తెస్తుంది, ఎదురింటివాడికి దురదృష్టం తెస్తుంది. అంటే మీరొకటి కట్టుకుంటే నేను విరుగుడుగా ఇంకొకటి కొనుక్కోవాలి. ఈ శాస్త్రంలో నష్టపోనివాడు అంగడివాడొక్కడే.

నా వాదనకు ఎదురుదెబ్బ ఎక్కడ తగులుతుందో నాకు తెలుసు కనుక నేనే చెబుతాను. గాలిగంట పుట్టుకలోనే భయం ఉంది కదా అని మీరనవచ్చు. నిజమే. పాంపేయి, హెర్క్యులేనియం తవ్వకాలలో దొరికిన రోమనుల కంచు గంటల గుత్తులు దృష్టిదోషం తగలకుండా కట్టుకున్నవే. చైనా, జపాను దేశాల బౌద్ధాలయాల చూరులకు వేలాడే గంటలు కూడా కీడును తరమడానికే. ఈ చరిత్రను నేను దాచను.

కానీ ఆ తరవాతి కథ చూడండి. జపానులో ఆ చూరుగంటే క్రమంగా ఇళ్ళలోకి వచ్చి, 'ఫూరిన్' అయింది. ఎదో కాలంలో గాజుతోనూ చేశారు. నాలుకకు ఒక కాగితపు పట్టీ వేలాడదీసి ఎండాకాలంలో వసారాలో కట్టుకుంటారు. ఆ శబ్దం వింటే ఉక్కపోతలో కాస్త చల్లగా అనిపిస్తుందని! గాలి వీచిందన్న కబురు చెవికి అందగానే మనసు చల్లబడుతుంది, అంతకుమించి దాని మీద వాళ్ళు మోపిన భారమేమీ లేదు. 1996లో జపాను పర్యావరణ శాఖ దేశంలో కాపాడుకోదగిన నూరు శబ్దాల జాబితా తయారుచేసింది. అందులో ఇవాతె ప్రాంతంలోని మిజుసావా రైల్వే స్టేషనులో వేలాడే ఇనుప గాలిగంటల సవ్వడి ఒకటి. భయంతో మొదలైన వస్తువు ఆనందంగా మారడానికి వందల ఏళ్ళు పట్టింది. మనం ఆ దారినే వెనక్కి నడుస్తున్నాం. ఆనందంగా చేతికి వచ్చినదాన్ని మళ్ళీ భయంగా మారుస్తున్నాం.

మనకు మాత్రం గాలిగంటలు లేవా? మన గుళ్ళలో ధ్వజస్తంభం చివర చిరుగంటలుంటాయి. పూజారి మోగించే గంట వేరు, ఇది వేరు. దీన్ని ఎవరూ మోగించనక్కరలేదు, గాలి వస్తే అదే మోగుతుంది. అవి ఫలానావారి ఉద్యోగానికి అడ్డుపడ్డాయని ఏ ఊళ్ళోనూ ఎవరూ అనగా నేను వినలేదు.

ఆ గంటల దగ్గరే నాకు మా మేనత్త గుర్తొస్తుంది. శ్రీకాకుళం జిల్లాలో మా ఊళ్ళో, శివాలయం పక్క ఇల్లు మాది. ఆవిడకు పంతొమ్మిదో ఏట భర్త పోయాడు. ఆనాటినుంచి డెబ్బై దాటేవరకు ఆ ఇంట్లోనే ఉంది. ఇంట్లోంచి ఎవరైనా పొరుగూరికి బయలుదేరుతుంటే, పెళ్ళిమాటలకు వెళుతుంటే, పరీక్షకు వెళుతుంటే ఆవిడ ఎవరూ చెప్పకుండానే పెరట్లోకి వెళ్ళిపోయేది. ఎదురుపడితే పని చెడుతుందని. నేను పదో తరగతి పరీక్షకు వెళ్ళిన రోజున నాకు పెరుగన్నం కలిపిపెట్టిన చేయి ఆవిడదే, నేను గడప దాటే వేళకు కనబడకుండాపోయిన మనిషీ ఆవిడే. అప్పుడు నాకు అది తప్పనిపించలేదు. నేను వెనక్కి తిరిగి పిలవలేదు. ఆ లెక్క నా ఖాతాలో ఇంకా తీరకుండానే ఉంది.

పెరట్లో కూర్చుని ఆవిడ ధ్వజస్తంభం గంటలు వినేది. విని విని గాలి ఎటునుంచి తిరిగిందో చెప్పగలిగేది. "తూర్పుగాలి పడిందర్రా, వడియాలు ఎత్తేయండి" అని అక్కడినుంచే కేక వేసేది. చాలాసార్లు గంటలోగా చినుకు పడేది. ఊళ్ళో ఆ గంటలకు ఆవిడకంటే మంచి శ్రోత ఉండేదని నేననుకోను. తనను చూసి ఎవరూ మొహం తిప్పుకోని స్నేహం బహుశా ఆవిడకు అదొక్కటే.

ఎదురింటి ఇల్లాలికి నేను "లేదమ్మా" అనడానికి అసలు కారణం ఇదే. ఎదురుగా ఉన్నది పని చెడగొడుతుందన్న నమ్మకం వస్తువు దగ్గర ఆగదు. ఇవాళ గంట. అది తీసేశాక కూడా వీసా రాకపోతే, వేలు మరొకవైపు చూపించాలి కదా. మా అంతస్తులోనే మూడో వాటాలో భర్త పోయిన ఆవిడ ఒకరు ఒంటరిగా ఉంటున్నారు. రోజూ ఉదయం ఆరున్నరకు పాలపాకెట్టు కోసం తలుపు తీస్తారు. ఇంటర్వ్యూకు బయలుదేరే కుర్రవాడికి ఎదురయ్యేది ఎవరో మీరే ఊహించుకోండి. గంటను తీయమన్నప్పుడు నేను తల ఊపితే, రేపు ఆవిడను తలుపు వేసుకొమ్మన్నప్పుడు అడ్డం చెప్పే నోరు నాకు ఉండదు.

విశాఖలో ఉండి గాలి గురించి ఇలాంటి మాటలు నమ్మడం నాకు మరీ వింతగా తోస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరి మీదకు వచ్చినప్పుడు మనం గాలి సంగతి చూశాం. అది ఈశాన్యం పెంచిన ఇంటినీ, పెంచని ఇంటినీ వేరుచేసి చూడలేదు. చెట్లు పడిపోయాయి, కరెంటు స్తంభాలు పడిపోయాయి. గాలికి తన దారి ఉంది, దాని కారణాలు దానికున్నాయి. మామూలు రోజుల్లో పొద్దెక్కి నేల వేడెక్కాక సముద్రం మీదనుంచి గాలి లోపలికి తిరుగుతుంది. ఆ వేళకు మా గంటలో మొదట పొట్టిగొట్టం ఒక్కసారి పలుకుతుంది. కాసేపు నిశ్శబ్దం. తరవాత రెండు, మూడు. మధ్యాహ్నానికి ఆరూ మాట్లాడుకుంటాయి. రాత్రికి నేల చల్లబడ్డాక గాలి ఎదురు తిరుగుతుంది, గంట సద్దుమణుగుతుంది. ఇంట్లో కూర్చుని సముద్రం ఊపిరి తీసే వేళలు తెలుసుకుంటున్నాను. ఇంతకంటే పెద్ద లాభం నాకు అక్కరలేదు.

మరో రకం మిత్రులున్నారు. వాళ్ళకు వాస్తు పట్టింపు లేదు, లెక్కల పట్టింపుంది. "రెండొందలు పడేస్తే దొరికేదానికి మూడు ఆదివారాలు పోగొట్టుకున్నావా?" అంటారు. అయ్యా, 1979లో అమెరికాలో గ్యారీ క్విస్టాడ్ అనే తాళవాద్యకారుడు, పారేసిన మడతకుర్చీల అల్యూమినియం గొట్టాలు కోసి, పియానో మీద పలకని ఒక ప్రాచీన గ్రీకు స్వరక్రమాన్ని వినడానికి గాలిగంట చేసుకున్నాడు. ఆయన తరవాత దాన్ని పెద్ద వ్యాపారంగా మలుచుకున్నారు, అది వేరే సంగతి. చెత్తలోంచి ఒక స్వరాన్ని బయటికి తీసిన ఆ మొదటి రోజు ఏ అంగట్లోనూ దొరకదు. నేను కొన్న గంట అయితే, అది ఎందుకు మోగుతోందో నాకు తెలిసేది కాదు. తెలియని వస్తువు మీద ఎవరు ఏ కథ చెప్పినా నమ్మక తప్పదు. చేసినవాణ్ణి కనుకనే, ఇందులో ఉన్నవి ఆరు గొట్టాలూ, ఒక చెక్కబిళ్ళా, ఒక సీడీ మాత్రమేనని ప్రమాణం చేసి చెప్పగలుగుతున్నాను.

ఇక నా వైపు తప్పు కూడా చెప్పుకోవాలి. శబ్దం. ఇది న్యాయమైన ఫిర్యాదు. నాకు మోహన అయినది, జ్వరంతో పడుకున్నవాడికి మోత. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాలలో నివాస ప్రాంతాలకు పగలు 55 డెసిబెల్సు, రాత్రి 45 అని పరిమితి ఉంది. రాత్రి అంటే పదినుంచి ఉదయం ఆరువరకు. నియమం ఉన్నా లేకపోయినా, పొరుగువాడి నిద్ర మీద నా సంగీతానికి హక్కు లేదు. అందుకే రాత్రి పది కొట్టగానే చెక్కబిళ్ళను పక్కకు లాగి కొక్కేనికి తగిలిస్తాను. ఎవరింట్లోనైనా ఒంట్లో బాగాలేదంటే పగలు కూడా అంతే. ఎదురింటి ఇల్లాలు "అబ్బాయి చదువుకోవాలి, మోత ఆపండి అన్నయ్యగారూ" అని ఒక్క మాట అని ఉంటే, ఆవిడ గడప దాటేలోగా తీసేసేవాణ్ణి. ఆవిడకు కూడా అదే చెప్పాను. "మోత అనండమ్మా, ఇప్పుడే తీసేస్తాను. వీసా అనకండి." ఆవిడ కాసేపు నన్ను చూసి, "మోతేమీ లేదండీ, బాగానే ఉంటుంది వినడానికి" అన్నారు. నిజాయితీపరురాలు. ఆ మాటతోనే నా చేతులు కట్టేశారు.

ఈ ఏడు మా ఇంటికి ఆవకాయ రాలేదు. మెట్ల మీద ఎదురైతే ఆవిడ చూపు తిప్పుకుంటున్నారు. మా ఇంటావిడ నాతో వాదించడం మానేసింది గాని, ఒప్పుకోలేదు. "నీ మేనత్తకు చెప్పాల్సిన క్షమాపణ ఆవిడ కొడుకు ఖర్చుతో చెబుతున్నావు" అంది నిన్న రాత్రి. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. అయినా గంట తీయలేదు.

ఇంటర్వ్యూ వచ్చే వారం. వీసా వస్తే నేను చాలా సంతోషిస్తాను. గంట ఉండగానే వచ్చింది చూశారా అని మాత్రం అనను. అలా అంటే నేనూ ఆ వాస్తు చూసినాయనా ఒకే బడిలో చదువుకున్నట్టు. రాకపోతే నింద మాకు తప్పదని తెలుసు, మోస్తాను.

ఆ కుర్రవాడు బయలుదేరే ఉదయం నేను చేయగలిగిన పని ఒక్కటుంది. మూడో వాటా ఆవిడతో మాట్లాడాను. రోజూ లాగే ఆరున్నరకు ఆవిడ తలుపు తీస్తారు. ఆ వేళకు నేను కూడా నడవాలోనే ఉంటాను.